ముందర ఎడమ చక్రం

నాకు కోపం ఎక్కువ. గొప్ప కోసం చెప్పుకుంటున్న మాట కాదిది, మా ఇంట్లో అందరూ నా ముఖం మీదే అనే మాట. మా ఆవిడ "మీకు ముక్కు మీదనే ఉంటది" అని ఊరుకునేది. ఆ కోపంతో చాలా చోట్ల నోరు పారేసుకున్నాను, తర్వాత పోయి సర్దుకున్నాను. ఒక్క చోట మాత్రం సర్దుకోలేకపోయాను. అది మా కారు బ్రేకుల సంగతి.

డెబ్బైల చివర్లో మేం పురానాపూల్ వంతెనకి ఇవతల ఒక గల్లీలో ఉండేవాళ్ళం. మా నాన్న, మేం బాపు అంటాం, వంతెన అవతల ఒక చిన్న ఆంజనేయస్వామి గుడిలో అర్చకుడు. మోకాళ్ళు అరిగిపోయి నడవలేని పరిస్థితి వచ్చినా గుడి మానుకోలేదు. రిక్షా ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి, దిగాలంటే ముగ్గురు. సరిగ్గా అప్పుడే మా ఆఫీసరు బదిలీ మీద పోతూ తన పాత అంబాసిడర్‌ని నాకు అంటగట్టాడు. నేను ఆయన కింద గుమాస్తాను, వద్దనలేకపోయాను. బాపు కోసమే అని సర్ది చెప్పుకున్నాను.

కారు బాగానే నడిచేది. బ్రేకు తొక్కితే మాత్రం కీచుమని ఒక కూత పెట్టేది. పళ్ళు పులిసిపోయేంత కూత. మా గల్లీ మలుపులో పాన్ డబ్బా ఉండేది. నేను మలుపు తిరిగి బ్రేకు తొక్కగానే ఆ డబ్బా ఆయన లోపలి నుంచే "పంతుల్ సాబ్ కీ రైల్ ఆగయీ!" అని, పంతులుగారి రైలు వచ్చేసిందని, కేక పెట్టేవాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. బాపు కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మాకు రెండు గల్లీల వెనక ఒక ఫిట్టర్ ఉండేవాడు. బస్సుల డిపోలో బ్రేకుల సెక్షన్‌లో పని. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. క్రైస్తవుడు, ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక చుట్టుపక్కల వాళ్ళ బండ్లు చూసి పెట్టేవాడు. డిపోవాళ్ళు బయటి పని చేయొద్దంటారని గుట్టుగా చేసేవాడు. పని ఉన్నప్పుడు నేను ఆయన్ని "అన్నా" అనేవాడిని. ఆయన మాత్రం నన్ను ఎప్పుడూ "సార్" అనే పిలిచేవాడు, బాపును "అయ్యగారు" అనేవాడు.

నేను పిలిస్తే ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. తెల్ల చొక్కా విప్పి మడతపెట్టి మా గోడ మేకుకు తగిలించాడు. వెంటనే పానా పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు, ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పొద్దుగాల ఒక్కసారి కూసి ఊకుంటదా సార్, దినమంతా కూస్తదా?"

"దినమంతా అన్నా. తొక్కినప్పుడల్లా."

"మెల్లగ తొక్కితెనా, గట్టిగ తొక్కితెనా?"

నేను ఆలోచించి, మెల్లగా తొక్కితేనే ఎక్కువ అని చెప్పాను. తల ఊపాడు. పొద్దున్న ఒక్కసారి కూసి మానేస్తే రాత్రి చెమ్మ అనుకోవాలట. రోజంతా కూస్తే లోపల దుమ్మన్నా ఉండాలి, డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపే బ్రేకు చెప్పుల మీది లైనింగ్ అద్దంలా నున్నగానన్నా అయి ఉండాలి, లేదా అరిగి రివిట్లు తేలి ఉండాలి. రివిట్లు తేలితే అది కూత కాదు, గీరుడు అన్నాడు. తర్వాత నన్ను కారు ఎక్కించి గల్లీలో ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగుసార్లు తిప్పించాడు. నేను బ్రేకు తొక్కుతూ పోతుంటే పక్కనే నడుస్తూ చెవి పెట్టి విన్నాడు. ఆపాక ఒక్కో చక్రం దగ్గర అరచేయి వెనక భాగం పెట్టి వేడి చూశాడు. ముందర ఎడమ చక్రం దగ్గర ఆగి నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమన్నాడు. మిగతా మూడింటికంటే అది వేడిగా ఉంది.

"గిదే సార్ లొల్లి చేసేది," అన్నాడు.

వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి జాకీ ఎత్తాడు. చక్రం ఊడదీశాడు. డ్రమ్ము బిగుసుకుపోయి ఉంటే చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి బయటికి లాగాడు. లోపల నల్లటి దుమ్ము. నేను ఉఫ్‌మని ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊదకుండ్రి సార్, గది ఛాతీలకు పోతది" అని తడిగుడ్డతో తుడిచాడు. లైనింగ్ నిజంగానే తళతళ మెరుస్తోంది. రేగ్‌మాల్ కాగితం నా చేతికిచ్చి ఆ మెరుపు పోయేదాకా రుద్దమన్నాడు. తను ఆకురాయితో లైనింగ్ అంచులు వాలుగా అరగదీశాడు. అంచు నిలువుగా ఉంటే డ్రమ్ముకు కొట్టుకుని కూస్తుందట. చివరికి ఇనుము ఇనుముకు రాసుకునే చోట మాత్రం బియ్యపు గింజంత గ్రీజు వేలితో అద్దాడు. డ్రమ్ము బిగించి, చక్రం ఎక్కించి, చక్రం మధ్యనున్న కంతలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి, చక్రం తిప్పి చూసుకుంటూ బ్రేకు బిగువు సరిచేశాడు. చక్రం మీది మెరిసే మూత వదులుగా ఉందని నేను దాన్ని తీసి డిక్కీలో పడేశాను.

బాపు అరుగు మీద కూర్చుని ఇదంతా శ్రద్ధగా చూశాడు. మధ్యలో సంధ్యకు లేచి లోపలికి పోయాడు. అప్పుడే ఫిట్టర్ నాతో ఒక మాట అన్నాడు.

"సార్, బ్రేకుకు నూనె దుష్మన్. ఒక్క చుక్క లోపలికి పోతే పట్టదు. రెండు మూడు దినాలు జర కూస్తది, అదే సెట్టయితది. కూస్తున్నదని ఎవరన్న నూనె ఏస్తరు. ఇంట్ల అందరికి చెప్పుండ్రి."

"మా ఇంట్ల ఎవరేస్తరన్నా బ్రేకులకు నూనె!" అని నవ్వాను. ఎవరికీ చెప్పలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో ఆయనకు నీళ్ళిచ్చే గ్లాసు వేరు. ప్రహరీ గోడ మీద బోర్లించి ఉండేది. తాగి, ఆయనే కడిగి, ఆయనే బోర్లించేవాడు. అప్పట్లో అది నాకు తప్పని తోచలేదు. మా ఇంటి ఆచారం అనుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ వారం ఆయన చెప్పినట్టే కారు కొద్దికొద్దిగా కూసింది. శనివారానికి ఆ కూత కూడా పోయింది. పాన్ డబ్బా ఆయన "క్యా పంతుల్ సాబ్, రైల్ బంద్?" అని అడిగితే నాకు మీసం మెలేసినంత పనైంది. ఎవరు వచ్చినా బ్రేకు తొక్కి చూపించాను.

సోమవారం పొద్దున్న బాపును గుడి నుంచి తీసుకొస్తున్నాను. వంతెన దిగుతుంటే గుడిమల్కాపూర్ తోటల నుంచి బంతిపూలు తెచ్చే తోపుడుబండి ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఆగాల్సింది పోయి ఒక్కసారిగా కుడివైపు ఈడ్చుకుపోయింది. స్టీరింగు నా చేతిలో లేదు. తోపుడుబండి చక్రం విరిగింది. పూలన్నీ రోడ్డు మీద పడ్డాయి. బండాయన పక్కకు దూకి బతికాడు. మేం గోడకు గుద్దుకుని ఆగాం. బాపు నుదురు ముందున్న చెక్కకు కొట్టుకుని పగిలింది. తెల్ల పంచె మీద రక్తం చూసి నాకు మెదడు పనిచేయలేదు.

డాక్టరు దగ్గర కట్టు కట్టించి, బాపును ఇంట్లో పడుకోబెట్టి, నేను నేరుగా డిపోకు పోయాను. మా ఆవిడ వెనక నుంచి "జర ఆగుండ్రి, ముందుగాల ఏమైందో సూసుకోరాదుండ్రి" అంటూనే ఉంది. ఆగలేదు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారే వేళ. గేటు దగ్గర యాభై మందికి తక్కువ లేరు. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వస్తున్నాడు.

"ఏందిరా!" అన్నాను.

ఆ "రా" నా నోట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. అబద్ధం ఎందుకు, తెలుసు. మా బాపు రక్తం చూశాను, ఎదురుగా ఉన్నది మాట పడే మనిషి. అంతే.

"నువ్వు చేసిన బ్రేకులకు మా బాపు పానం పోతుండె! బస్సులకు గూడ గిట్లనే చేస్తున్నవా? ఎంతమందిని సంపుతవ్ నువ్వు?"

అందరూ ఆగిపోయారు. ఆయన ముఖం పాలిపోయింది. "అయ్యగారు ఎట్లున్నరు సార్?" అని మాత్రం అడిగాడు. "ఎట్లుంటరు, నీ పుణ్యమా అని తల పగిలింది" అని ఇంకో నాలుగు అన్నాను. లోపలి నుంచి ఫోర్‌మన్ వచ్చి కళ్ళద్దాల మీదుగా ఆయన్ని చూశాడు. ఎవరో "బయట గూడ పని చేస్తుండా వీడు?" అనడం నాకు వినబడింది. నేను కడుపులో ఉన్నదంతా కక్కి, తేలికపడి ఇంటికొచ్చాను.

సాయంత్రం ఐదింటికి ఆయనే వచ్చాడు. చంకలో కొత్త లైనింగ్ వేసిన బ్రేకు చెప్పుల జత. బాపు అరుగు మీద నుదుటికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. నేను గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన మాకు వీపు పెట్టి కూర్చుని డ్రమ్ము ఊడదీశాడు. కొంచెం సేపు అట్లాగే కదలకుండా ఉన్నాడు. తర్వాత డ్రమ్మును నేల మీద బోర్లా పెట్టాడు. పాత చెప్పులు తీసి కాగితంలో చుట్టి తన సంచిలో వేసుకున్నాడు. డ్రమ్మును పెట్రోలుతో మూడుసార్లు తుడిచి, ఆరనిచ్చి, కొత్తవి ఎక్కించాడు.

"ఏమైందట?" అని కటువుగా అడిగాను.

"నాదే గల్తీ సార్. గ్రీజు జర ఎక్కువ పడ్డట్టుంది," అన్నాడు, తల ఎత్తకుండా.

నేను "చూశావా" అన్నట్టు మా ఆవిడ వంక చూశాను. బాపు అరుగు మీద నుంచి, "పోనీ తియ్యిరా, మనిషన్నంక గల్తీ అయితది. స్వామి సింధూరం ఉన్నది గనకనే పానాలు దక్కినయి" అన్నాడు. ఆయన ఒక్కసారి బాపు ముఖంలోకి చూసి మళ్ళీ బోల్టుల మీదికి వంగాడు. ఆ రోజు నీళ్ళు అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

నెల గడిచింది. కొత్త లైనింగ్ కూడా ఎండకు, దుమ్ముకు అప్పుడప్పుడు సన్నగా కూస్తూనే ఉండేది. ఒక శనివారం గుడి నుంచి వచ్చాక బాపు కారు దిగి ఎంతసేపటికీ లోపలికి రాలేదు. ఏమైందోనని బయటికి వచ్చాను. ఒక చేత్తో కారు పట్టుకుని, నొప్పి మోకాళ్ళతో వంగి, ముందర ఎడమ చక్రం దగ్గర ఏదో చేస్తున్నాడు. పక్కన రాగి గిన్నె. మా గుడిలో స్వామికి పూయడానికి సింధూరాన్ని నువ్వుల నూనెలో కలుపుతారు. ఆ గిన్నెలోంచి ఉద్ధరిణితో ముంచి, మూత లేని ఆ చక్రం కంతలోకి జాగ్రత్తగా పోస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ బాపూ?"

"మళ్ల జర కూస్తున్నది గదరా. గుడి తలుపు కూస్తె పొయ్యమా? గా ఫిట్టరు గీ కంతల్నే గదా పుల్ల పెట్టి తిప్పిండు. స్వామి నూనె, మంచిదే. ఆయన మొదటిసారి చేసి పోయినంక గూడ శనివారం రెండు ఉద్ధరిణెలు పోసిన. ఎట్ల నోరు మూసుకున్నది సూడు!"

సంబరంగా నవ్వాడు. నుదుటి మీద గాయం మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

బాపును లోపల కూర్చోబెట్టి, ఫిట్టర్ నేర్పినట్టే రాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి, డ్రమ్ము తట్టి తీశాను. లోపలంతా కాషాయం రంగు. డ్రమ్ముకు, చెప్పులకు, రివిట్ల కంతల్లో, నూనె సింధూరం ముద్దలు ముద్దలు. బ్రేకు దుమ్ము వాసనలో కూడా నువ్వుల నూనె వాసన తెలుస్తోంది. ఆ రోజు ఆయన డ్రమ్ము బోర్లా ఎందుకు పెట్టాడో, చెప్పులు కాగితంలో చుట్టి ఎందుకు పట్టుకుపోయాడో అప్పుడు అర్థమైంది. ఆయన చూశాడు. చూసి నోరు విప్పలేదు.

బాపుకు ఏం చెప్పాలి? సింధూరం ప్రాణాలు కాపాడిందని ఊరందరికీ చెప్పుకుంటున్నాడు. "ఇగ నువ్వు వంగకు బాపూ, నేనే పోస్త" అన్నాను. డ్రమ్మును, చెప్పులను పెట్రోలుతో మూడుసార్లు తుడిచి ఎక్కించి, డిక్కీలోంచి మూత తీసి బిగించేశాను. చెప్పిందింతే.

మర్నాడు ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు ఫిట్టర్ ఇంటికి పోయాను. అన్నేళ్ళలో ఆ ఇంటికి పోవడం అదే మొదలు. కుర్చీ తుడిచి వేశాడు. ఆయన చేతులు చూసి ఆశ్చర్యపోయాను. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండే నలుపు లేదు. వేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"గీ చేతులేందన్నా?"

"బ్రేకుల నుంచి తీసిండ్రు సార్. ఇప్పుడు బండ్లు కడుగుడు," అన్నాడు. ఎప్పటి నుంచి అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

"సింధూరం చూసినవు గదా నువ్వు? ఎందుకు చెప్పలే?"

ఆయన లేచి, అల్మారా పై అరలోంచి ఒక పొట్లం దించాడు. పాత కాగితం నూనె తాగి పారదర్శకంగా అయింది. లోపల మా కారు బ్రేకు చెప్పులు.

"అయ్యగారు అరుగు మీద కూసోని ఉండె సార్, నెత్తికి కట్టుతోని. మీ చేతితోనే అయింది అయ్యగారూ అని ఆయన ముంగట ఎట్ల చెప్పాలె? అండ్ల నేను ఎవరిని? దేవుని సింధూరంతోని బ్రేకు పాడైందని నా నోటితోని అంటే, మీరేమనుకుంటరు, గల్లీల ఏమనుకుంటరు?"

"మరి ఇవి ఎందుకు ఉంచినవ్? ఫోర్‌మన్‌కు చూపెట్టకపోయినవా?"

"చూపెడితె అయ్యగారి పేరు బయటికొస్తది గద సార్. పారేద్దమంటె దేవునిది, చెత్తల ఎట్ల ఏస్త?"

నాకు ఏడుపు ఆగలేదు. చేతులు పట్టుకున్నాను. తప్పయిందన్నాను. ఏం చేయమంటే అది చేస్తానన్నాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"డ్యూటీ మారేటప్పుడు గేటు కాడికి ఒక్కసారి రాండ్రి సార్. అయ్యగారి ముచ్చట వద్దు. 'తప్పు వీనిది కాదు' అని నలుగురి ముంగట ఒక్క మాట అనుండ్రి. గంతే చాలు. పదిహేడేండ్లు చేసిన సార్ బ్రేకులు."

వస్తానని మాటిచ్చాను. ఆ వారం ఆఫీసులో పని పడింది. తర్వాతి వారం బాపుకు జ్వరం. మూడో వారం ఏ సాకూ దొరకలేదు, పోయాను. రెండు కావస్తోంది. గేటు దగ్గర అదే జనం. చాయ్ హోటల్లో ఒకడు నన్ను గుర్తుపట్టి పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "మరి తప్పెవరిది సాబ్?" అని ఎవరన్నా అడిగితే? ఆయన లోపల షెడ్డు దగ్గర పైపు పట్టుకుని బస్సు కడుగుతూ నన్ను చూశాడు. పైపు కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ గేటు వైపు వస్తున్నాడు.

నేను ఆయన కళ్ళు తప్పించి, పక్కనున్న ఆఫీసు మెట్లు ఎక్కాను. సూపరింటెండెంటు గదిలో కూర్చుని, తలుపు దగ్గరికి వేయించి, మెల్లగా చెప్పాను. పొరపాటు మా వైపు నుంచే జరిగిందని, ఆ మనిషి పని మంచిదని. ఆయన చాయ్ తెప్పించాడు. "చూద్దాం లెండి. మీరంత గట్టిగా అన్నాక పది మందికీ తెలిసిపోయింది. ఇప్పుడు మళ్ళీ బ్రేకుల మీద కూర్చోబెడితే రేపేదన్నా అయితే నా మీదికొస్తది" అన్నాడు. నేను చాయ్ తాగాను.

బయటికి వచ్చేసరికి జనం పల్చబడ్డారు. ఫిట్టర్ ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"చెప్పిన అన్నా, సూపరింటెండెంటుకు అంతా వివరంగా చెప్పిన," అన్నాను.

ఆయన ముఖంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"తిట్టేటప్పుడు గేటు కాడ తిట్టిండ్రు సార్," అన్నాడు. "చెప్పేటప్పుడు రూంల చెప్పిండ్రు."

అంతే అని, లోపలికి పోయి పైపు అందుకున్నాడు. నేను ఇంకా అక్కడే ఉన్నాను. అప్పటికీ గేటు దగ్గర పది పదిహేను మంది ఉన్నారు. అప్పుడన్నా నోరు తెరిచి ఉండొచ్చు. తెరవలేదు, కారెక్కి ఇంటికొచ్చాను.

ఆయన మళ్ళీ బ్రేకుల సెక్షన్‌కు పోలేదు. రిటైరయ్యేదాకా బస్సులు కడిగాడు. బాపు పోయినప్పుడు వచ్చి, గేటు బయటే నిలబడి దండం పెట్టి పోయాడు. బాపు పోయాక ఎవరి పేరు దాచాల్సిన పనీ లేదు, అయినా నేను డిపోకు పోలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ గేటు ముందు నిలబడి, యాభై మందికి వినబడేటట్టు ఒక్కసారి అరిస్తే సరిపోయేది. అరవడం నాకు రాని పనేమీ కాదు.